అక్షహృదయం, మర్మఘాతం: నలోపాఖ్యానాన్ని లెక్కగా చదవడం

నలోపాఖ్యానం పాఠం చెప్పేటప్పుడు ఋతుపర్ణుడు చెట్టు ఆకుల లెక్క చెప్పే ఘట్టం దగ్గర తరగతిలో నవ్వు వినిపించడం మామూలే. పరుగెత్తే రథం మీద నుంచి చెట్టుకేసి ఒక్క చూపు చూసి ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అనగలిగిన రాజును అతిశయోక్తి ఖాతాలో వేసి ముందుకు సాగిపోవడం బోధించే మాకూ అలవాటే. ఈమధ్య చెన్నైలో మా తరగతిలో ఒక విద్యార్థి మాత్రం నవ్వలేదు. "ఇది ఆన్‌లైన్ ఆటలో క్రిటికల్ హిట్ శాతం కట్టడం లాంటిదే కదండీ" అన్నాడు. అప్పటికి ఆ మాట దాటవేశాం. తరువాత ఆ ఆటల లెక్కలు తెలుసుకుని ఉపాఖ్యానాన్ని మళ్ళీ చదివితే, అతను పట్టుకున్నది కథ ఆయువుపట్టునేనని తోచింది. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

నలుని కథను మనం సాధారణంగా రెండు విధాల చదువుతున్నాం. దమయంతి వైపు నుంచి చదివితే అది పాతివ్రత్య కథ. నలుని వైపు నుంచి చదివితే విధి కథ. ఎంతటివాడికైనా విధి తప్పదు, కలి ఆవహించాడు, రాజ్యం పోయింది, కలి వదిలాడు, రాజ్యం వచ్చింది. పరీక్షల్లో ఈ సమాధానానికి మార్కులు కూడా వస్తాయి. దీనికి తోడు మన పాఠ్యప్రణాళికల్లో శ్రీనాథుని శృంగారనైషధానికి ఉన్నంత చోటు నన్నయ నలోపాఖ్యానానికి లేదు. శ్రీహర్షుడు పాచికల ఘట్టం దాకా కథను నడపలేదు కనుక అతన్ని అనుసరించిన శ్రీనాథుని కావ్యమూ అక్కడిదాకా పోదు. ఫలితంగా మన విద్యార్థులకు హంసను పట్టుకున్న నలుడు తెలుసు, పాచికలు పట్టుకున్న నలుడు తెలియడు. తంజావూరేలిన రఘునాథనాయకుడు సైతం నలచరిత్ర రచించాడంటే ఈ కథకు తమిళదేశంలోని తెలుగువారి మధ్య ఎంత ఆదరణ ఉండేదో ఊహించవచ్చు. ఆ ఆదరణకు కారణం విధివాదం ఒక్కటే అని మేము అనుకోవడం లేదు.

విధివాదంతో ఉన్న చిక్కు ఏమిటంటే, కథ విడివిడిగా చెప్పిన రెండు విషయాలను అది ఒక్కటి చేస్తుంది. కలి నలునిలో ప్రవేశిస్తాడు. ద్వాపరుడు పాచికల్లో ప్రవేశిస్తాడు. శత్రువులు ఇద్దరు, వారి నెలవులూ రెండు. ఒకడు ఆటగాని మనసును చెరుపుతాడు, ఇంకొకడు ఆటవస్తువును చెరుపుతాడు. ఈ రెంటినీ కలిపి 'విధి' అనేస్తే కథలోని ఆలోచన సగం పోతుంది. ఈ భేదాన్ని స్పష్టంగా చూపడానికి మన విద్యార్థులు రోజూ చేతిలో పట్టుకు తిరిగే ఆటలే మంచి ఉదాహరణ.

మర్మఘాతం లెక్క

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించి శత్రువుల మీద దెబ్బలు వేస్తాడు. మామూలు దెబ్బకు మామూలు నష్టం. అప్పుడప్పుడు ఒక దెబ్బ రెట్టింపు నష్టం కలిగిస్తుంది. దాన్ని క్రిటికల్ హిట్ అంటారు, మన పిల్లలు 'క్రిట్' అని పొట్టి చేశారు. దీన్ని 'మర్మఘాతం' అనవచ్చునని మా సూచన. మర్మస్థానానికి తగిలిన దెబ్బ అన్న అర్థం సరిపోతుంది. 'మర్మం' అంటే రహస్యం అన్న రెండో అర్థమూ మనకు పనికివస్తుంది. అక్షహృదయంలోని 'హృదయం' కూడా ఆ రహస్యమే. పాచికల మర్మమే అక్షహృదయం.

ఈ నియమం అచ్చులో తొలుత కనిపించేది 1975లో వచ్చిన 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అనే బల్లమీది ఆటలో అని ఆ రంగం చరిత్ర రాసినవారు చెబుతారు. ఇరవై ముఖాల పాచిక వేసినప్పుడు 20 పడితే దెబ్బ రెట్టింపు. అంటే నూటికి 5. ఆ ఆట కర్త ఎం.ఎ.ఆర్. బార్కర్ మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషలు బోధించినవాడు, ఉర్దూ, బలూచీ పాఠ్యగ్రంథాలు రాసినవాడు కావడం భాషాశాఖలవారికి ఆసక్తి కలిగించే సంగతి.

కంప్యూటరులో పాచిక ఉండదు. ప్రతి దెబ్బకూ యంత్రం ఒకటి నుంచి నూరు దాకా ఒక సంఖ్య తీస్తుంది అనుకుందాం. పాత్రకు మర్మఘాత శాతం 20 అయితే, తీసిన సంఖ్య 20 గాని అంతకు తక్కువ గాని అయినప్పుడు దెబ్బ మర్మాన తగిలినట్టు. మామూలు నష్టం 100, మర్మఘాతానికి 200 అనుకుంటే, నూరు దెబ్బల్లో సగటున 80 మామూలువి, 20 రెట్టింపువి. మొత్తం 12,000. దెబ్బకు సగటు 120. శాతాన్ని 30కి పెంచితే సగటు 130 అవుతుంది. శాతం 20గానే ఉంచి రెట్టింపును మూడింతలు చేస్తే సగటు 140. ఏది పెంచుకోవాలన్నది ఆటగాని వివేకం. ఇంతవరకు ఇది చిన్నతరగతి లెక్క.

ఆ 20 ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. 2002లో కొరియాలో వెలువడిన 'రాగ్నరాక్ ఆన్‌లైన్'లో పాత్ర గుణాల్లో బలం, తెలివి వంటివాటితో పాటు అదృష్టం కూడా ఒకటి. అదృష్టం మూడు అంకెలు పెరిగితే మర్మఘాతం సుమారు ఒక శాతం పెరుగుతుంది. ఎదుటివాని అదృష్టం ఐదు అంకెలు ఉంటే అందులో ఒక శాతం తగ్గుతుంది. నా అదృష్టం 30, అతనిది 20 అయితే ఆరంభానికి ఇచ్చే ఒకటి కలిపి నాకు 10, అందులో 4 పోగా మిగిలేది 6. అదృష్టం అంటే కనిపించనిది అని వ్యుత్పత్తి. కనిపించనిదాన్ని అంకెవేసి అమరకోశంలా పట్టీలో చేర్చిన ఆట ఇది.

2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' పద్ధతి వేరు. అందులో ఆయుధాలకు, కవచాలకు మర్మఘాత విలువ ఉంటుంది, ఆ విలువ శాతంగా మారే రేటు పాత్ర స్థాయిని బట్టి మారుతుంది. తరువాతి విస్తరణల్లో 70వ స్థాయి పాత్రకు ఒక శాతం రావాలంటే సుమారు 22 విలువ చాలేది, 80వ స్థాయికి ఎదిగేసరికి అదే ఒక శాతానికి సుమారు 46 కావలసివచ్చింది. ఎక్కినకొద్దీ పాత నగ తూకం తగ్గుతుందన్నమాట. పైగా అక్కడి మామూలు కత్తి దెబ్బకు ఫలితాలన్నీ ఒకే నూరులో సర్దుకోవాలి. గురి తప్పడానికి కొంత, ఎదుటివాడు తప్పుకోవడానికి కొంత, అడ్డుకోవడానికి కొంత పోగా మిగిలిన జాగాలోనే మర్మఘాతం, ఆ తరువాత మామూలు దెబ్బ. అన్నదమ్ముల వాటాల్లాగా ఒకరిది పెరిగితే ఇంకొకరిది తరుగుతుంది.

ఇదంతా మనకు కొత్త అనుకోనక్కరలేదు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే పదహారు విధాల పాట్లు వస్తాయి. నాలుగూ ఒకే వైపు పడేవి వాటిలో రెండే, ఒకటి అష్ట, ఒకటి చెమ్మ. అవి పడితే మళ్ళీ వేసే హక్కు వస్తుంది. పదహారింట రెండు అంటే నూటికి పన్నెండున్నర. ఇక్కడి తమిళ ఇళ్ళలో ఇత్తడి కట్టెలతో ఆడే తాయం ఆటలో కాయ లోపలికి పోవాలంటే 'తాయం' పడాలి. నాలుగు ముఖాల కట్టెలు రెండు, ముఖాల మీద ఒకటి, రెండు, మూడు, సున్న. ఒక కట్టె ఒకటి, ఇంకొకటి సున్న చూపితే తాయం. అదీ పదహారింట రెండే. గవ్వలు వేరు, కట్టెలు వేరు, భాషలు వేరు, ఆశకు కట్టిన ధర ఒక్కటే. మన అమ్మమ్మలు ఈ భిన్నాన్ని కాగితం మీద వేసి ఉండరు. కానీ అష్ట పడితే ఇల్లంతా అరిచేవారంటే అది ఎంత అరుదో వారికి తెలిసే అరిచారు.

కలి ఉండే చోటు

నూటికి 20 అన్న పాత్ర వరసగా పది దెబ్బలు వేసినా ఒక్క మర్మఘాతం రాకపోవచ్చు. అలా జరిగే అవకాశం నూటికి దాదాపు 11. అంటే అది అరుదైన ఘోరం కాదు, ప్రతి సాయంత్రం ఎదురయ్యే సంగతి. ఆటగాడు మాత్రం యంత్రం తనను మోసం చేసిందంటాడు. లేదా పదిసార్లు రాలేదు కనుక పదకొండోసారి వచ్చి తీరుతుందంటాడు. రెండూ తప్పే. పదకొండో దెబ్బకూ అవకాశం 20 మాత్రమే. గడిచిన పది దెబ్బలు యంత్రానికి గుర్తు లేవు, గుర్తున్నది ఆటగానికే.

కలి ప్రవేశించిన నలునికి పట్టింది ఈ జాడ్యమే. ఓడినకొద్దీ ఆడతాడు. మంత్రులు వచ్చి నిలబడినా, దమయంతి వేడుకున్నా వినడు. సభాపర్వంలో ధర్మరాజు స్థితీ ఇంతే. ధనం, సైన్యం, తమ్ములు, తాను, ద్రౌపది అంటూ ఓడినకొద్దీ ఒడ్డు పెరుగుతుంది. ప్రతి ఒడ్డు వెనుకా 'ఈసారైనా' అన్న మాట ఉంది. ఆ 'ఈసారైనా' పేరే కలి అని మేము చదువుతున్నాం. ఈ చదువు బలవంతపుది కాదు. కృతం, త్రేత, ద్వాపరం, కలి అన్నవి యుగాల పేర్లే కాక జూదంలో పాట్ల పేర్లు కూడా. నాలుగేసి తీయగా ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒక్కటే మిగిలితే కలి. కలి అంటే ఓడే పాటు. నలుని మనసులో చేరింది ఓటమి పాటు.

ఆటలు తయారుచేసేవారికి ఆటగాని మనసులోని ఈ కలి బాగా తెలుసు. 2002 నాటి 'వార్‌క్రాఫ్ట్ 3'లో వారు చేసిన ఏర్పాటు చూడదగ్గది. మర్మఘాతం నూటికి 25 అని పైకి చెప్పినా, మొదటి దెబ్బకు నిజంగా ఉండే అవకాశం సుమారు ఎనిమిదిన్నర మాత్రమే. అది తప్పితే రెండో దెబ్బకు 17, మూడోదానికి ఇరవై అయిదున్నర, ఇలా పెరుగుతూ పన్నెండోదానికి తప్పనిసరి అవుతుంది. వచ్చిన వెంటనే మళ్ళీ ఎనిమిదిన్నరకు దిగుతుంది. దీర్ఘకాలపు సగటు 25గానే ఉంటుంది. అంటే 'ఇన్నిసార్లు రాలేదు కనుక ఇక రావాలి' అన్న ఆటగాని పొరపాటు నమ్మకాన్ని యంత్రమే నిజం చేసి చూపుతుంది. అసలైన యాదృచ్ఛికత మనిషికి అన్యాయంగా కనిపిస్తుంది కనుక న్యాయంగా కనిపించే కృత్రిమాన్ని అమర్చారు. ఇది మోసం కాదు, నియమం అందరికీ ఒకటే. కాని ఈ ఆటలో పెరిగిన విద్యార్థి బయట లోకంలోనూ ఓటమి వరస గెలుపుకు హామీ అనుకుంటే ప్రమాదం.

ద్వాపరుడున్న పాచికలు

మనసు సంగతి అలా ఉండగా, వస్తువు సంగతి వేరు. పుష్కరుని పాచికల్లో ద్వాపరుడున్నాడు. ఆ ఆటలో నలుడు ఎంత నిబ్బరంగా ఆడినా ఓడేవాడే. శకుని పాచికల గురించి జనంలో ఉన్న కథ కూడా ఇదే చెబుతుంది. తండ్రి ఎముకలతో చేసిన పాచికలు శకుని మాట విన్నాయన్న కథ వ్యాసునిలో లేదు, నన్నయలోనూ లేదు. నోటి మాటగా నిలిచి 1966 నాటి 'శ్రీకృష్ణపాండవీయం' సినిమా ద్వారా ఇంటింటికీ చేరింది. మూలంలో లేని కథను జనం ఎందుకు కల్పించుకున్నారు? ధర్మరాజు వ్యసనం ఒక్కటే ఆ ఓటమికి చాలదని వారికి తోచి ఉండాలి. వస్తువులోనే దోషం ఉండాలని వారు తర్కించారు. ఆ తర్కాన్ని మూఢనమ్మకం అని కొట్టివేయలేం.

2024 జనవరిలో దక్షిణ కొరియా వాణిజ్య పోటీ సంస్థ 'మేపుల్‌స్టోరీ' అనే ఆన్‌లైన్ ఆట నడిపే నెక్సాన్ కంపెనీకి 11.6 బిలియన్ వాన్ల జరిమానా వేసింది. డబ్బిచ్చి కొనే ఒక మంత్రపు వస్తువు వల్ల పాత్రకు కలిగే గుణాల అవకాశాలను ఆటగాళ్ళకు చెప్పకుండా తగ్గించారని, ఎక్కువమంది కోరుకునే కొన్ని కలయికలు అసలు రాకుండా చేశారని ఆ సంస్థ తేల్చింది. కొన్నవారు తమ దురదృష్టాన్ని తిట్టుకున్నారు. నిజానికి అక్కడ అదృష్టానికి చోటే లేదు. సున్న శాతాన్ని విధి అనడం కుదరదు. అదే ఏడాది మార్చి నుంచి అటువంటి అవకాశాలను ప్రకటించి తీరాలని కొరియా చట్టం అమలులోకి వచ్చింది. చైనాలో ఈ నియమం 2017 నుంచీ ఉంది.

ఈ రెంటినీ వేరుచేసి చూడడం విమర్శకుని పని. మనసులోని దోషానికి మందు లెక్క తెలుసుకోవడం. వస్తువులోని దోషానికి మందు లెక్క బయటపెట్టించడం. అన్నిటికీ విధి అన్నవాడు ఈ రెండు పనుల్లో ఏదీ చేయడు.

ఋతుపర్ణుని చెట్టు

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. అది ఏ చెట్టో గమనించకపోవడం మన వ్యాఖ్యానాల లోపం. అది విభీతకం, అంటే తాండ్రచెట్టు. త్రిఫలచూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసే తానికాయ ఆ చెట్టుదే. తమిళంలో తాన్రిక్కాయ్. వేదకాలపు జూదంలో అక్షాలంటే ఈ కాయలే. గుప్పెడు కాయలు తీసి, నాలుగేసి చొప్పున లెక్కించి, మిగిలినదాన్ని బట్టి గెలుపోటములు తేల్చేవారని పండితులు చెబుతారు. ఆ ఆటలో గెలవాలంటే కుప్పను చూసి క్షణంలో లెక్క పట్టగలగాలి. కనుక ఋతుపర్ణుడు చూపింది గారడీ కాదు. ఆ ఆటకు కావలసిన నైపుణ్యాన్నే ఆ ఆటవస్తువు కాచే చెట్టు మీద చూపాడు. శ్రీహర్షుడు కూడా తన పదిహేడో సర్గలో కలిని నలుని తోటలోని విభీతకం మీదే కూర్చోబెట్టాడు.

సంస్కృత మూలంలో లెక్క ఇలా ఉంది. కింద రాలిన ఆకులూ కాయలూ చెట్టున ఉన్నవాటికంటే నూటొకటి ఎక్కువ. రెండు కొమ్మల మీద ఐదు కోట్ల ఆకులు, 2,095 కాయలు. విన్న బాహుకుడు, అంటే మారువేషంలోని నలుడు, ఆశ్చర్యపడి ఊరుకోలేదు. రథం ఆపాడు. రాజు తొందరపెడుతున్నా వినక చెట్టును కూల్చి కాయలు లెక్కించాడు. సరిపోయాక మాత్రమే ఆ విద్య ఏమిటని అడిగాడు. పాచికల మర్మం ఎరుగుదును, లెక్కలో నేర్పరిని అని ఋతుపర్ణుడు రెండు సంగతులనూ ఒకే వాక్యంలో చెప్పాడు. కొద్ది చూసి మొత్తాన్ని అంచనా కట్టడానికి పాత సాక్ష్యంగా ఇయాన్ హాకింగ్ సంభావ్యతా భావన పుట్టుక మీద 1975లో వెలువరించిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు. గణితచరిత్రకారులు నిలబడి చూసిన చెట్టును సాహిత్య విద్యార్థులం నవ్వి దాటిపోతున్నాం.

అక్షహృదయం అందిన మరుక్షణం కలి నలుని శరీరాన్ని విడిచి బయటికి వస్తాడు. పూజ వల్లనో శాపవిమోచనం వల్లనో కాదు, లెక్క తెలియడం వల్ల. ఈ కార్యకారణ సంబంధం కథలోనే ఉంది, మేము తెచ్చిపెట్టింది కాదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. అక్షహృదయం మంత్రంలాగా క్షణంలో సంక్రమించింది కదా, దాన్ని గణితం అనవచ్చునా? మంత్రత్వం ఉన్నదని ఒప్పుకుంటాం. ఇతిహాసం విద్యలన్నిటినీ అలాగే ఇస్తుంది, అశ్వహృదయాన్ని నలుడు రాజుకు తిరిగి ఇచ్చిందీ అలాగే. కాని మంత్రానికి ముందు పరీక్ష ఉంది. నమ్మే ముందు లెక్కించిన నలుడు, పుష్కరునితో లెక్కలేకుండా ఆడిన నలుడు ఒక్కడు కాదు. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. తాండ్రకాయల ఆటలో లెక్క గెలిపిస్తుంది. యంత్రం తీసే సంఖ్యను ఏ లెక్కా మార్చలేదు. నిజమే. అక్కడ లెక్క చేయగలిగింది వేరు. ఎంత ఆశించాలో, ఎప్పుడు లేవాలో చెబుతుంది. గెలిపించని జ్ఞానం కూడా జ్ఞానమే.

మన న్యాయస్థానాలు ఈ గీతను మరో విధంగా గీశాయి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పు ఆట అన్నది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. రాలిన ఆకులను లెక్కించిన ఋతుపర్ణుడు ఇక్కడ గుర్తుకు రాక మానడు. 1996లో మద్రాసు గుర్రప్పందేల విషయంలోనూ, 2023లో తమిళనాడు ఆన్‌లైన్ ఆటల చట్టం మీద మద్రాసు హైకోర్టులోనూ నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్నే నడిచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటల విషయంలో ఆ భేదాన్నే పక్కన పెట్టి రెండింటినీ నిషేధించింది. చట్టం సంగతి చట్టానిది. కావ్యం అడిగేది మాత్రం ఇంకొకటి: ఆడుతున్నవాడికి లెక్క తెలుసా, తెలుసుకోనిస్తున్నారా?

ఈ కథను బృహదశ్వుడు ఎవరికి చెప్పాడన్నది మరచిపోరాదు. జూదంలో సర్వం పోగొట్టుకుని, నాకంటే దురదృష్టవంతుడున్నాడా అని అడిగిన ధర్మరాజుకు చెప్పాడు. ఓదార్పు మాత్రమే ఉద్దేశమైతే నలుడు రాజ్యం పొందాడని చెప్పి ముగించవచ్చు. మూలకథలో ముని అక్కడితో ఆగక ధర్మరాజుకు కూడా అక్షహృదయం ఉపదేశించి వెళ్తాడు. అదృష్టం గురించి అడిగినవాడికి లెక్క నేర్పాడన్నమాట. తిక్కన విరాటపర్వంలో ఆ ధర్మరాజే కంకుభట్టుగా రాజసభలో జూదపు నేర్పరి కొలువు చేస్తాడు. అరణ్యంలో నేర్చినది అజ్ఞాతవాసంలో అన్నం పెట్టింది.

కనుక మా తరగతిలోని విద్యార్థి ప్రశ్నకు జవాబు అవుననే. ఇకమీదట ఈ పాఠం చెప్పేటప్పుడు తానికాయలు గుప్పెడు తెచ్చి బల్లమీద పోసి, నాలుగేసి తీయించి, మిగిలినదానికి పేరు అడుగుదామని అనుకుంటున్నాం. ఒకటి మిగిలినప్పుడు 'కలి' అని ఏ విద్యార్థి అన్నా, నలోపాఖ్యానం వారికి అందినట్టే.